మాంటెరీ బే అక్వేరియం: నీటికుక్కలు నేర్పే పాఠం

ఈ నెల సైన్స్ పేజీలో అక్వేరియం గురించి చెప్పుకుందాం. అక్వేరియం అనగానే మనకు డెంటిస్ట్ క్లినిక్‌లోనో, రెస్టారెంట్ రిసెప్షన్‌లోనో ఉండే గాజు తొట్టి గుర్తొస్తుంది. నాలుగు గోల్డ్ ఫిష్‌లు, బుడగలు వదిలే చిన్న మోటారు. నేను చెప్పబోయేది మాత్రం అమెరికాలో, కాలిఫోర్నియా తీరంలో, అలలు తాకేంత దగ్గరగా కట్టిన మాంటెరీ బే అక్వేరియం గురించి. మన పేరెంట్స్‌లో చాలామందికి శాన్‌హోజే వైపు అన్నయ్యో, అక్కయ్యో ఉంటారు. అక్కడి నుంచి ఇది కారులో గంటన్నర ప్రయాణం. ఆర్నెల్లు ఉండి రావడానికి వెళ్లే అమ్మమ్మలూ తాతయ్యలూ గోల్డెన్ గేట్ బ్రిడ్జితో పాటు దీన్నీ లిస్టులో రాసుకోవచ్చు.

ఆ ఊరు ఒకప్పుడు సార్డీన్ చేపల మీద బతికింది. పట్టడం, వండడం, డబ్బాల్లో నింపడం, ఇదే పని. అతిగా పట్టడం వల్ల కొంత, సముద్రంలో వచ్చిన మార్పుల వల్ల కొంత, 1940ల చివరి నుంచి చేపలు తగ్గిపోయాయి. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. చివరిదైన హోవ్‌డెన్ క్యానరీ 1973లో ఆగిపోయింది. సరిగ్గా ఆ స్థలంలోనే 1984 అక్టోబర్ 20న అక్వేరియం తెరిచారు. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన డేవిడ్ ప్యాకార్డ్, ఆయన భార్య లూసిల్ ఇందుకు సుమారు 5.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. సముద్రపు నాచు మీద చదువుకున్న వాళ్లమ్మాయి జూలీ ప్యాకార్డ్ దాన్ని దశాబ్దాల పాటు నడిపారు.

అందులో అందరూ ముందు ఆగి చూసేది కెల్ప్ అడవి. కెల్ప్ అంటే పెద్ద చెట్టంత ఎత్తు పెరిగే సముద్రపు నాచు. దాని తొట్టి ఎత్తు 28 అడుగులు. కెల్ప్‌ను తొట్టిలో బతికించడం సులభం కాదు. దానికి ఎండ కావాలి, అందుకే పైకప్పు తెరిచే ఉంటుంది. పోషకాలున్న చల్లటి సముద్రపు నీరు కావాలి, అందుకే ఎదురుగా ఉన్న బే నుంచే పంపులతో తోడతారు. మూడోది అలల కదలిక. నీరు కదలకపోతే ఆకులకు పోషకాలు అందవు. స్వతహాగా ఇంజనీరైన డేవిడ్ ప్యాకార్డ్ నీటిని ఊపే యంత్రాన్ని తానే డిజైన్ చేశారు. పగలు సందర్శకులకు స్పష్టంగా కనపడాలని వడపోసిన నీరు వదులుతారు. రాత్రి వడపోయని నీరు. ఆ నీటితో కంటికి కనపడని చిన్న జీవులు కూడా లోపలికి వచ్చి, ఎవరూ తెచ్చి పెట్టకుండానే అక్కడ కాపురం పెట్టేస్తాయి. నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

ఇక మన క్లాసులో చెప్పే ఫుడ్ చెయిన్‌కు వద్దాం. కెల్ప్‌ను సీ అర్చిన్‌లు తింటాయి. ఒళ్లంతా ముళ్లున్న ఉండల్లా ఉంటాయవి. వాటిని సీ ఆటర్ తింటుంది. ఇది మన నీటికుక్కకు బంధువే. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో మన నీటికుక్కలు ఇప్పటికీ ఉన్నాయి. సీ ఆటర్‌లు లేకపోతే సీ అర్చిన్‌లు పెరిగిపోయి కెల్ప్‌ను మొదలంటా కొరికేస్తాయి. అప్పుడు ఆ అడవిలో దాక్కునే చేపలకూ చోటుండదు. ఒక్క జంతువు పోతే మొత్తం అడవి పోతుందని చెప్పడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ నాకు దొరకలేదు.

చాలా సముద్రపు జంతువుల్లా సీ ఆటర్‌కు చర్మం కింద మందపాటి కొవ్వు పొర లేదు. చలికి దానికున్న రక్షణ బొచ్చే. చదరపు అంగుళానికి పది లక్షల వెంట్రుకల దాకా ఉంటాయి. ఆ బొచ్చు కోసమే 18, 19 శతాబ్దాల్లో వాటిని వేటాడారు. కాలిఫోర్నియాలో ఇక లేవనుకున్న సమయంలో, 1938లో, బిగ్ సర్ తీరంలో సుమారు 50 ఉన్న ఒక గుంపు కనిపించింది. ఈనాడు అక్కడున్న దాదాపు 3,000 వాటి సంతానమే. వెచ్చగా ఉండడానికి ఇది రోజూ తన బరువులో నాలుగో వంతు తినాలి. పిల్లలకు లెక్కగా ఇవ్వండి: 20 కిలోల జంతువుకు రోజుకు ఎన్ని కిలోలు కావాలి? మరి మీ అబ్బాయి తన బరువులో నాలుగో వంతు తినాలంటే?

తుఫానుల్లో తల్లి నుంచి తప్పిపోయిన పిల్లలు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. అక్వేరియం వాళ్లు మొదట్లో వాటిని తామే సీసా పాలు పట్టి పెంచారు. అలా పెరిగినవి మనుషులకు అలవాటుపడి, సముద్రంలోకి వదిలాక కూడా పడవల దగ్గరికి వచ్చేవి. 2001లో టూలా అనే ఆడ సీ ఆటర్ అక్కడికి చేరింది. దానికి మూర్ఛలు వచ్చేవి, తిరిగి సముద్రంలో వదలడానికి వీల్లేదు. దాని పిల్ల చనిపోయి పుట్టింది. తల్లి లేని ఒక పిల్లను పక్కన పెడితే, టూలా దాన్ని తన బిడ్డలాగే సాకింది. అప్పటి నుంచి అదే పద్ధతి. పెంపుడు తల్లి పక్కన ఉండి, గవ్వ పగలగొట్టడం, వేటాడడం నేర్పుతుంది. సిబ్బంది దగ్గరికి వెళ్లాల్సి వస్తే నల్లటి ముసుగు, వెల్డింగ్ మాస్క్ వేసుకుంటారు, పిల్ల మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకోకూడదని.

2002 నుంచి 2016 వరకు ఇలా పెరిగిన 37 సీ ఆటర్‌లను దగ్గర్లోని ఎల్క్‌హార్న్ స్లూ అనే ఉప్పునీటి కయ్యలో వదిలారు. ఆ కాలంలో అక్కడ పెరిగిన సంఖ్యలో సగానికి పైగా వీటి వల్లా, వీటి సంతానం వల్లా వచ్చిందే అని 2019లో వెలువడిన పరిశోధన తేల్చింది.

ఇదంతా క్లాసులో చెప్పాక ఆరో తరగతి పాప ఒకటి అడిగింది: "టీచర్, అంతా బాగానే ఉంది గానీ, అక్వేరియం కూడా జైలే కదా?" చాలా న్యాయమైన ప్రశ్న. దానికి ఇదే అక్వేరియంలో మరో ఉదాహరణ ఉంది. 2004లో వీళ్లు ఒక పిల్ల వైట్ షార్క్‌ను 198 రోజులు ఉంచారు. అంతకు ముందు ఏ అక్వేరియంలోనూ అది 16 రోజులకు మించి బతికి ఉండలేదు. లక్షల మంది చూడటానికి వచ్చారు. అది తొట్టిలోని రెండు వేరే షార్క్‌లను కరిచి చంపాక సముద్రంలో వదిలేశారు. 2011 వరకు మొత్తం ఆరింటిని ఉంచారు. ఆఖరిది వదిలిన కాసేపటికే చనిపోయింది. తర్వాత మళ్లీ తేలేదు. షార్క్ అంటే భయం తగ్గింది, పరిశోధనకు డబ్బు వచ్చింది అని వాళ్ల వాదన. నా మటుకు టూలా విషయంలో అనుమానం లేదు, షార్క్ విషయంలో ఉంది. పిల్లలకు రెండూ చెప్పండి. ఏ జూకి, ఏ అక్వేరియానికి తీసుకెళ్లినా మూడు సంగతులు అడగమనండి: ఈ జంతువు ఎక్కడి నుంచి వచ్చింది? తిరిగి వెళ్లగలదా? ఇది ఇక్కడ ఉన్నందుకు బయట ఉన్న దాని తోటివాటికి ఏం ఒరిగింది?

మనకు నేరుగా సంబంధించిన విషయం ఒకటుంది. 1999లో ఈ అక్వేరియం సీఫుడ్ వాచ్ మొదలుపెట్టింది. ఏ చేపను, ఏ రొయ్యను ఎలా పట్టారు, ఎలా పెంచారు అన్నదాన్ని బట్టి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మార్కులు ఇస్తారు. చెరువుల్లో వాడే యాంటీబయాటిక్స్ కూడా అందులో లెక్కకొస్తాయి. మన భీమవరం, నెల్లూరు వైపు పండించే వెనామీ రొయ్యలకు అమెరికా పెద్ద మార్కెట్. కాబట్టి అక్కడి కొనుగోలుదారు చూసే రంగు ఇక్కడి చెరువు గట్టు దాకా వస్తుంది. మీలో ఆక్వా రైతులుంటే, ఒక శనివారం క్లాసుకు వచ్చి పిల్లలతో మాట్లాడితే మాకు చాలా సంతోషం.

కాలిఫోర్నియా స్కూళ్ల పిల్లలకు, ముందుగా బుక్ చేసుకుంటే, అక్కడ ప్రవేశం ఉచితం. మనవాళ్లకు అంత దూరం వీలుకాదు గానీ, అక్వేరియం వెబ్‌సైట్‌లో సీ ఆటర్ లైవ్ కెమెరా ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. మనకు రాత్రి భోజనాల వేళకు అక్కడ తెల్లవారుతుంది. ఈ నెల హోమ్ యాక్టివిటీ ఇదే: ఒక కాగితం మీద తినడం, ఒళ్లు శుభ్రం చేసుకోవడం, ఆడుకోవడం, నిద్ర అని నాలుగు గడులు గీయండి. ఒక్క జంతువునే పది నిమిషాలు చూస్తూ, ప్రతి అర నిమిషానికి అది చేస్తున్న పనికి ఒక గీత పెట్టమనండి. మొత్తం 20 గీతలు రావాలి. ఆ కాగితాలు సోమవారం తెస్తే అందరివీ కలిపి బోర్డు మీద బార్ గ్రాఫ్ వేస్తాం.