కాకి వాలింది, తాటిపండు పడింది

పిల్లలూ, ఈ వారం పాఠం చర్మం మీద పుట్టుకతో వచ్చే ఎర్ర మచ్చల గురించి. ముందు ఈ కొత్త మాటలు పైకి చదవండి. తర్వాత పాఠంలోకి వెళ్దాం.

కొత్త మాటలు

రక్తనాళం – ఒంట్లో రక్తం పారే గొట్టం.
కందిపోవడం – ఎండకో, దెబ్బకో చర్మం ఎర్రబడటం.
ఆధారం – ఒక మాట నిజమని నమ్మడానికి మన దగ్గర ఉన్న రుజువు.
కాకతాళీయం – రెండు పనులు ఒకదాని వెంట ఒకటి జరిగినా, మొదటిదాని వల్ల రెండోది జరగకపోవడం.

ఈ చివరి మాటలో ఒక బొమ్మ దాగి ఉంది. ‘కాక’ అంటే కాకి, ‘తాళ’ అంటే తాటిచెట్టు. కాకి వచ్చి చెట్టు మీద వాలింది. అదే క్షణంలో పండు కింద పడింది. చూసినవాళ్ళు "కాకి వల్లే పడింది" అన్నారు. కానీ పండు అప్పటికే బాగా ముగ్గి ఉంది. కాకి రాకపోయినా పడేదే! తాటిచెట్టు మీరు చూసి ఉండకపోతే, దోహా కార్నిష్ దగ్గరి ఖర్జూరం చెట్టును ఊహించుకోండి.

మా పాప మచ్చ

మా పాప రాజమండ్రిలో పుట్టింది. మూడో వారంలో భుజం మీద చిన్న ఎర్ర చుక్క కనిపించింది. దోమ కుట్టిందేమో అనుకున్నాం. మూడు నెలలకి అది ఉబ్బి రేగుపండంత అయ్యింది. ఇంటికి వచ్చిన ఒక పెద్దావిడ "గ్రహణం నాడు బయట తిరిగావేమో అమ్మాయ్" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. పక్కింటి పిన్నిగారేమో "లేజర్ చేయించెయ్యండి, మా చుట్టాల పిల్లకి పోయింది" అన్నారు.

డాక్టరుగారు చూసి, "ఇది కంటి దగ్గర లేదు, పుండు పడలేదు. ఆగుదాం. నెలనెలా ఫోటో తీస్తూ ఉండండి" అన్నారు. ఆగాం. ఏడాది దాటాక ఎరుపు తగ్గసాగింది. ఇప్పుడు పాప రెండో తరగతి. మచ్చ ఉన్నచోట చర్మం కొంచెం వదులుగా ఉంటుంది, అంతే.

ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజు లేజర్ చేయించి ఉంటే, మచ్చ పోయాక మేం ఏమనేవాళ్ళం? "లేజర్ వల్లే పోయింది" అనేవాళ్ళం. అందరికీ అదే చెప్పేవాళ్ళం కూడా!

రెండు రకాల మచ్చలు

మా పాపకి వచ్చినదాన్ని హెమాంజియోమా అంటారు. నూరుమంది పిల్లల్లో నలుగురైదుగురికి వస్తుంది. పుట్టిన కొన్ని వారాలకి కనిపించి, కొన్ని నెలలు గబగబా పెరిగి, తర్వాత కొన్నేళ్ళలో మెల్లగా దానంతట అదే తగ్గిపోతుంది.

రెండోది పోర్ట్ వైన్ మచ్చ. ఇది వెయ్యిమందిలో సుమారు ముగ్గురికి ఉంటుంది. పుట్టినప్పుడే ఉంటుంది, కందిపోయిన చర్మంలాగా బల్లపరుపుగా కనిపిస్తుంది. బిడ్డతో పాటే పెరుగుతుంది, దానంతట అది పోదు. చాలామందిలో వయసుతో పాటు ముదురు రంగుకి మారుతుంది. సోవియట్ యూనియన్ నాయకుడు మిఖాయిల్ గోర్బచేవ్ తల మీద ఉన్నది ఇలాంటి మచ్చే.

రెండూ రక్తనాళాల వల్ల వచ్చేవే. రెండూ క్యాన్సర్ కావు, అంటుకునేవీ కావు.

లేజర్ ఏం చేస్తుంది?

మధ్యాహ్నం ఎండలో నిలిపిన నల్ల కారునీ, తెల్ల కారునీ ముట్టుకుని చూశారా? నల్లది కాలిపోతుంటుంది. ముదురు రంగు వెలుతురుని ఎక్కువగా తాగి వేడెక్కుతుంది. లేజర్ వైద్యం కిటుకు కూడా ఇదే. రక్తంలోని ఎరుపు ఒక రకం పసుపు వెలుతురుని బాగా తాగుతుంది. ఆ వెలుతురుని రెప్పపాటు కంటే తక్కువసేపు వేస్తే రక్తనాళం వేడెక్కి మూసుకుపోతుంది. పక్కన ఉన్న చర్మానికి కాలేంత సమయం ఉండదు. అమ్మ వేడి దోసె పెనాన్ని వేలితో చటుక్కున తాకి చూస్తుంది కదా, కాలదు. వేలు అక్కడే పెడితే కాలుతుంది! ఈ సూత్రాన్ని 1983లో అమెరికాలో ఆండర్సన్, ప్యారిష్ అనే ఇద్దరు డాక్టర్లు వివరించారు.

మనలాంటి గోధుమరంగు చర్మంలో ఉండే మెలనిన్ కూడా ఆ వెలుతురుని కొంత తాగేస్తుంది. అందుకే డాక్టర్లు చర్మాన్ని చల్లబరుస్తూ జాగ్రత్తగా చేస్తారు. చేశాక ఎండ తగలనివ్వద్దంటారు. ఖతార్ ఎండల్లో ఈ మాట అసలు మరిచిపోకూడదు.

పని చేసిందని ఎలా తెలుస్తుంది?

పక్కింటి పిన్నిగారు అబద్ధం చెప్పలేదు. ఆవిడకి తెలిసింది ఒక్క పిల్ల సంగతి. లేజర్ చేయించని పిల్లలకి ఏమైందో ఆవిడకి తెలీదు. ఆధారం కావాలంటే ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

బ్రిటన్ డాక్టర్లు అదే చేశారు. హెమాంజియోమా ఉన్న 121 మంది పసిపిల్లలని, చీటీలు తీసినట్టు, రెండు జట్లు చేశారు. 60 మందికి లేజర్ చేశారు. 61 మందిని ఊరికే చూస్తూ వచ్చారు. ఏడాది వయసుకి మచ్చ పూర్తిగానో, దాదాపుగానో పోయినవాళ్ళు లేజర్ జట్టులో 25 మంది, ఊరికే చూసిన జట్టులో 27 మంది! పైగా లేజర్ చేసినచోట చర్మం పలచబడటం, తెల్లబడటం ఎక్కువగా కనిపించింది. ఈ ఫలితం 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇక్కడ లేజర్ కాకి అయ్యింది. పండు ఎలాగూ పడేదే.

అయితే అన్ని హెమాంజియోమాలనీ వదిలెయ్యకూడదు. కంటికి, ముక్కుకి, నోటికి అడ్డం వస్తే వైద్యం కావాలి. దానికి 2008లో ఫ్రాన్సు డాక్టర్లు ఒక మందు సంగతి బయటపెట్టారు. గుండె జబ్బు కోసం ప్రోప్రానొలాల్ ఇచ్చిన ఒక బిడ్డలో మచ్చ కూడా తగ్గడం వాళ్ళు గమనించారు. అది కూడా కాకతాళీయమేనా? అందుకే వాళ్ళు అక్కడ ఆగలేదు, తర్వాత ఎంతోమంది పిల్లల్లో పోల్చి చూశారు. ఆ మందు నిజంగానే పని చేస్తుందని తేలింది.

మరి పోర్ట్ వైన్ మచ్చ? అది దానంతట అది పోదు కాబట్టి, లేజర్ తర్వాత తగ్గితే దాన్ని కాకి మీద తోసెయ్యలేం. 2011లో కొక్రేన్ సంస్థ 5 పరీక్షలని, వాటిలోని 103 మందిని కలిపి చూసింది. ఒకటి నుంచి మూడుసార్లు లేజర్ చేశాక, పరీక్షని బట్టి సగం మంది నుంచి అందరి దాకా ఎరుపు కనీసం పావు వంతు తగ్గింది. అంటే లేజర్ ఇక్కడ పని చేస్తుంది. కానీ ‘తగ్గడం’ వేరు, ‘పోవడం’ వేరు. పూర్తిగా పోయేది కొద్దిమందికే. పదేళ్ళ తర్వాత కొంత రంగు తిరిగి రావచ్చని 2007లో మరో పరిశోధన చూపింది. అయినా వైద్యానికి ముందున్నంత ముదురుగా లేదు.

చూశారా, యంత్రం ఒకటే, మచ్చని బట్టి జవాబు మారింది. అందుకే ఏ మచ్చో, ఏం చెయ్యాలో డాక్టరే చూసి చెప్పాలి.

అమ్మ తప్పు కాదు

పోర్ట్ వైన్ మచ్చ ఎందుకు వస్తుందో 2013లో తెలిసింది. బిడ్డ కడుపులో ఉండగా ఒక కణంలోని జన్యువులో చిన్న మార్పు జరుగుతుంది. అమ్మ ఏం తిన్నా, గ్రహణం నాడు ఎక్కడ ఉన్నా దానికి సంబంధం లేదు. నాకు ఆ రోజు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. మీ క్లాసులో ఎవరి ముఖం మీదైనా ఎర్ర మచ్చ ఉంటే "అదేంటి?" అని అడక్కండి. పేరు అడగండి, పక్కన కూర్చోండి.

అభ్యాసం

1. ‘కాకతాళీయం’ అనే మాటని వాడి మీ సొంత వాక్యం ఒకటి రాయండి.

2. రెండు మచ్చలకీ తేడాలు మూడు రాయండి.

3. మీకు జలుబు చేసింది. అమ్మ మిరియాల పాలు ఇచ్చింది. వారంలో తగ్గింది. పాల వల్లే తగ్గిందని తెలుసుకోవాలంటే ఏం చెయ్యాలి? నాలుగు వాక్యాల్లో రాయండి.

4. ఈ శుక్రవారం అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి గ్రహణం గురించి వాళ్ళు విన్న మాటలు అడగండి. నవ్వకండి, మధ్యలో అడ్డు రాకండి. విన్నది ఐదు వాక్యాల్లో రాసి, కింద ఒక్క ప్రశ్న రాయండి: "ఇది నిజమో కాదో ఎలా తెలుసుకుంటాం?"