తక్కువ ఖర్చుతో మదుపు చేయు పద్ధతి



మిరపకాయలు యార్డునకు తోలినప్పుడు క్వింటాలు ధర ఎంత పలికినదని మాత్రమే అడిగి మనము ఊరుకొనము. కమీషను ఎంత, హమాలీ ఎంత, కాటా ఎంత, తరుగు ఎంత తీసిరని చూచి, చీటీ అడుగున మిగిలిన మొత్తమును లెక్కించుకొందుము. ఆ మొత్తమే మన సొమ్ము. కాని మిగిలిన ధనమును మదుపు పెట్టునప్పుడు మాత్రము ఏజెంటు చెప్పు లాభమును విని, తరుగును అడుగుట మరచుచున్నాము. ఈ నెల పాఠము ఆ తరుగును గూర్చినది.

మేము ఈ సంగతిని సొమ్ము పోగొట్టుకొని నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట మా కుమార్తె చదువు కొరకు బీమాయు వాటాలును కలిసిన యొక పథకములో ఏటేట 50,000 రూపాయలు కట్టితిమి. మూడేండ్ల పిదప కాగితములు విప్పి చూడగా, కట్టిన 1,50,000 రూపాయలకు 1,21,000 మాత్రమే కనబడెను. బజారు పడిపోలేదు, కమీషనుల క్రిందను, రుసుముల క్రిందను పోయినది. పత్రము చదువక సంతకము చేసినది మేమే.

ఇ.టి.ఎఫ్. అనగా నేమి?

ఎక్స్చేంజి ట్రేడెడ్ ఫండును పొట్టిగా ఇ.టి.ఎఫ్. అందురు. నిఫ్టీ 50 అను సూచీలో దేశములోని 50 పెద్ద కంపెనీలు కలవు. ఆ సూచీని అనుసరించు ఇ.టి.ఎఫ్. ఆ కంపెనీల వాటాలనే, ఆ నిష్పత్తిలోనే కొనియుంచును. దానిలో ఒక్క యూనిటు కొన్నవానికి 50 కంపెనీలలోను కొంచెము కొంచెము భాగము చేకూరును. ఏ కంపెనీ మంచిదో యెన్నుటకు పెద్ద జీతగాండ్రు అక్కరలేదు. కావున ఖర్చు తక్కువ. మన దేశమున ఇట్టి మొదటి నిధి 2001 డిసెంబరులో వచ్చిన నిఫ్టీ బీస్.

ఈ ఆలోచన సహకార సూత్రమునకు దగ్గరిది. అమెరికాలో జాన్ బోగెల్ 1975లో వాన్‌గార్డ్ అను సంస్థను స్థాపించెను. దాని నిధులలో సొమ్ము పెట్టినవారే ఆ నిధుల ద్వారా దానికి సొంతదారులు. 1976లో సామాన్యుల కొరకు సూచీ నిధిని ఆరంభించినప్పుడు 15 కోట్ల డాలర్లు వచ్చునని తలచగా, 1 కోటి 13 లక్షలే వచ్చెను. పలువురు పరిహసించిరి. అయినను మధ్యవాని ఖర్చు తగ్గినంత సభ్యునికే మిగులునను మాట నిలిచెను. 2019 అక్టోబరులో అమెరికాలోని పెద్ద బ్రోకర్లు ఇ.టి.ఎఫ్.ల క్రయవిక్రయములపై కమీషనును ఎత్తివేసిరి. మన దేశములో 2015 చివర నుండియే కొందరు బ్రోకర్లు, కొని నిలువయుంచుకొను వాటాలకు కమీషను పుచ్చుకొనుట మానిరి.

చిన్న తరుగు ఎంత తినును?

లక్ష రూపాయలు 20 ఏండ్లు ఉంచితిమనుకొందము. ఏటికి నూటికి 10 చొప్పున పెరిగెననుకొందము. ఇది లెక్క కొరకే గాని హామీ కాదు. నిధి ఖర్చు నూటికి 2 రూపాయలైనచో చివరకు సుమారు 4,66,000 చేతికి వచ్చును. ఖర్చు నూటికి 10 పైసలే యైనచో సుమారు 6,60,600 వచ్చును. భేదము 1,94,600 రూపాయలు; అనగా పెట్టిన అసలునకు దాదాపు రెండింతలు.

కమీషను లేదనగా ఖర్చే లేదని కాదు

మొదటిది, నిధి నిర్వహణ ఖర్చు. దానిని విడిగా అడుగరు. నిధి విలువ నుండియే తీసికొందురు. రెండవది, డీమాట్ ఖాతా యేటి రుసుము. ఒక్కటే ఖాతా కలవారు బేసిక్ సర్వీసెస్ డీమాట్ ఖాతా కోరినచో, 2024 సెప్టెంబరు నుండి 4 లక్షల విలువ వరకు ఈ రుసుము లేదు. మూడవది, ప్రభుత్వ పన్నులును, అమ్మిన దినమున వేయు రుసుమును. నాల్గవది, కొనువాని ధరకును అమ్మువాని ధరకును మధ్యనుండు తేడా. కావున బేరము బాగుగా జరుగు నిధినే యెంచుకొని, మన ధర మనమే నిర్ణయించి ఆర్డరు వేయవలెను. డీమాట్ ఖాతా వలదనువారు మ్యూచువల్ ఫండు సూచీ నిధిలో డైరెక్ట్ పద్ధతిని కోరవచ్చును. ఏజెంటు కమీషను లేని ఈ పద్ధతి 2013 జనవరి నుండి కలదు.

సొమ్మును పంచుట

విత్తనములు, ఎరువులు, కూలి, ఏడాది తిండి — ఈ సొమ్ము డిపాజిట్టులోనే యుండవలెను. అప్పు తెచ్చి వాటాలు కొనరాదు. ఏడేండ్లు ముట్టనవసరము లేని లక్ష రూపాయలున్నచో, ఉదాహరణకు 60,000 నిఫ్టీ 50 నిధిలోను, 30,000 ప్రభుత్వరంగ సంస్థల బాండ్ల నిధిలోను, 10,000 బంగారపు నిధిలోను ఉంచవచ్చును. ఇంట నగలు చాలినంత యున్నవారికి బంగారపు భాగము అక్కరలేదు. మూడు నిధులు చాలును. పదింటిని కొనినచో కాగితములు పెరుగును గాని భద్రత అంతగా పెరుగదు.

వాటాలు పడును. 2008లో నిఫ్టీ సగమునకు పైగా పడినది. 2020లో జనవరి శిఖరము నుండి మార్చి 23 లోపల మూడవ వంతునకు మించి పడి, పిమ్మట కోలుకొనినది. నేడు 60,000 యున్నది రేపు 36,000 కావచ్చును. అట్టి దినమున నిదుర పట్టదనువారు వాటాల భాగము తగ్గించుకొనవలెను. ఏటేట పంట అమ్మిన పిదప ఒక్కసారి లెక్క చూచి, తగ్గిన భాగమునకే క్రొత్త సొమ్ము చేర్చుడు. ఇట్లు చేసినచో ఒకటి అమ్మి మరియొకటి కొనునవసరము లేదు. అమ్మకపు రుసుమును, పన్నును తప్పును.

ఈ నెల చేయవలసిన పని

సభ్యులు తమ యింటనున్న పథకముల కాగితములన్నియు తీసి, ఒక్కొక్కదానికి మూడు ప్రశ్నలు వ్రాయవలెను. ఇంతవరకు కట్టినదెంత? ఇప్పుడు మానిన చేతికి వచ్చునదెంత? ఏటి తరుగు నూటికి ఎంత? జవాబు తెలియనిచో, ఆ పథకము అమ్మినవానిని వ్రాతమూలముగ అడుగుడు. నోటిమాట చాలదు. యార్డులో చీటీ లేక బస్తా దింపని మనము, పిల్లల చదువు సొమ్మును చీటీ చూడక యేల అప్పగింపవలెను?