కోరస్ మనదే చెల్లే

చెల్లే, ఒక ముచ్చట చెప్పాలె. చెప్పకపోతే నాకు తిన్నది అరిగేటట్టు లేదు. మొన్న అంగడికి పోయి ఉల్లిగడ్డలు, ఎండుమిరపకాయలు కొనుక్కొని ఆటో కోసం నిలబడ్డ. పక్కన ఇద్దరు పిలగాండ్లు మాట్లాడుకుంటున్నరు. "దసరా అయినంక ధూంధాం పెడుతున్నరట" అన్నడు ఒగడు. గంతే. ఆటో వచ్చింది, పోయింది, నేను ఎక్కలే. ఆ పిలగాని దగ్గరికి పోయి "ఎవలొస్తున్నరు బిడ్డా, ఏ రోజు, ఏ జాగల" అని పోలీసుల లెక్క అడిగిన. వానికేం తెల్వదు. "ఏమో పెద్దమ్మా, అంటున్నరు" అన్నడు. ఆ 'అంటున్నరు' అన్న ఒక్క మాట పట్టుకొని వారం సంది బతుకుతున్న.

మాది గాంధారి. ఊరి పేరు చెప్పంగనే బయటోళ్లు రెండు తీర్ల దారి తప్పుతరు. ఒగలు కౌరవుల తల్లిని యాది చేసుకుంటరు, ఇంకొగలు మంచిర్యాల దిక్కున్న గాంధారి ఖిల్లా అనుకుంటరు. మాది కామారెడ్డి జిల్లా గాంధారి, ఎల్లారెడ్డి నియోజకవర్గం. చుట్టూ తండాలు, మక్క చేన్లు, ఏ అరుగు మీద చూసినా బీడీల చాట. పెద్ద పెద్ద పాటగాండ్లు ఏరికోరి వచ్చే ఊరేం కాదు. కని పాట ముచ్చటొస్తే మేము జెర ఛాతి విరుచుకొనే మాట్లాడుతం. ఎందుకంటవా? ధూంధాం పుట్టిందే మా కామారెడ్డిల.

2002 సెప్టెంబర్ ఆఖర్ల. రసమయి బాలకిషన్ ముందుండి నడిపిచ్చిన ఆట అది. ఉత్త ఉపన్యాసాలయితే జనం సగంల లేచి బీడీ ముట్టిచ్చుకుంటందుకు పోతరు. అదే పాట, ఆట, డప్పు, నడుమ నడుమ కడుపుబ్బ నవ్విచ్చే మాటలు కలిపితే తెల్లారేదాక కదలరు. ఆ ఉపాయం కామారెడ్డిల పారింది, ఆడికెళ్లి ఊరూరికి పాకింది. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చేదాక ఏ సభ జరిగినా ముందుగాల ధూంధాం, తర్వాతనే నాయకులు. కొన్ని సభలల్ల నాయకులు మైకు పట్టంగనే జనం చెప్పులు ఏరుకునేది. నా కండ్లతోటి చూసిన, ఏ పార్టీ అని మాత్రం అడుగకు.

మరి ఆ మొదటి ధూంధాం చూసినవా అక్కా అంటే, ఏడ నసీబు! అప్పుడు నేను కొత్త కోడల్ని, ఐదు నెలల కడుపుతోటి ఉన్న. "డప్పు సప్పుడుకు కడుపుల బిడ్డ అదురుతది" అని మా అత్త గడప దాటనియ్యలే. మీ బావ దోస్తులతోటి పోయిండు. తెల్లారి వచ్చిండు గని గొంతు లేదు. రెండు దినాలు సైగలతోటే అన్నం అడిగిండు, సైగలతోటే కొట్లాడిండు. మూడోనాడు గొంతు జెర తెరుసుకున్నంక పాటలు ఒక్కొక్కటి అనుకుంట చెప్పిండు. ఒక పాటకు పల్లవే యాదికున్నది, ఇంకోదానికి దరువే యాదికున్నది. అట్ల ముక్కలు ముక్కలుగ విన్న. అంబలి తాగినోని మూతి చూసి కడుపు నింపుకున్నట్టు ఉండె నా బతుకు.

ఆనాడు నన్ను ఆపిన ఆ కడుపుల బిడ్డనే ఇప్పుడు హైదరాబాదుల ఉంటది, నెలకోసారి ఏదో ఒక కచేరీ అని ఉరుకుతది. దాని ముచ్చట చెప్త, ఆగు. ముందుగాల ఎదురుచూసుడు ముచ్చట.

మనకు ఎదురుచూసుడు అంటే ఊకె కూసునుడు కాదు కద చెల్లే. పొద్దున ఒళ్లె చాట పెట్టుకుంటే, ఆకు కత్తిరిస్తున్నా, తంబాకు పోసి చుడుతున్నా, దారం కడుతున్నా చెవి ఖాళీయే. ఎనుకట రేడియో ఉండె, తర్వాత టేప్ రికార్డర్, ఇప్పుడు ఫోను. ఇత్తడి చెంబుల నిలబెడితే సప్పుడు గొణగకుంట ఖంగున మోగుతది, ఇది మా వాడకట్టు ఆడోళ్లు కనిపెట్టిన స్పీకరు. ధూంధాం ఉన్నదని తెలిసిననాటి సంది మేము పాటలు ఉత్తగ వినం, నేర్చుకుంటం. ఎందుకంటే ఆడ కోరస్ అందియ్యాలె. ధూంధాంల పాటగాడు సగమే పాడతడు, తక్కింది జనం మీదికి ఇడుస్తడు. ఆ సగం అందకపోతే పాట కిందపడ్డట్టే. అందుకే మా వాడకట్టుల పాట రానిదాన్ని, పెండ్లికి పట్టుచీర లేనిదాన్ని చూసినట్టు చూస్తం.

ఫోన్ల అన్నీ దొరుకుతున్నయి కద, మల్ల అంతదూరం దుమ్ముల పోవుడెందుకు అంటది మా పక్కింటామె. ఆమెకు డప్పు కాపుడు చూపియ్యాలె. ఆట షురూ కాకముందు వేదిక ఎనుకకు పోయి చూడు. ఇంత ఎండుగడ్డి తెచ్చి మంట పెడతరు. డప్పులు పట్టుకొని చుట్టూ నిలబడతరు, తోలును మంటకు దగ్గర చేస్తరు, దూరం చేస్తరు, తిప్పుతరు, ఏలితోటి మీటి చెవి దగ్గర పెట్టుకుంటరు. ముందుగాల మొద్దు సప్పుడు. కాగినకొద్ది తోలు బిగుసుకొని సప్పుడు సన్నగ, పదునుగ లేస్తది. ఒక చేతిల లావు సిర్ర, ఇంకో చేతిల సన్న సిటికెన పుల్ల. పది డప్పులు ఒక్కపారి లేసినయంటే ఆ దెబ్బ చెవికి కాదు, ఛాతికి తాకుతది. మా అత్త చెప్పింది అబద్ధం కాదు, నిజంగనే లోపల అదురుతది. చెంబుల పెట్టిన ఫోను ఎంత మోగినా ఆ అదురు రాదు చెల్లే.

ఇగ ఆడోళ్ల తిప్పలు ఎవ్వరు రాయరు, మనమే చెప్పుకోవాలె. రాత్రి ఆటకు పోవాలంటే పొద్దుగాలనే రాజకీయం షురూ. అత్తకు కాళ్లు పిసుకుడు, మొగనికి ఇష్టమైన కూర వండుడు, బర్రెకు గడ్డి ముందుగాలనే ఏసుడు. మాపటీలి సంది నీళ్లు తాగం, ఆడ ఆడోళ్లకు ఏ సౌలత్ ఉండదని తెలుసు గనక. మొగోళ్లు ముందట కూసుంటరు, మనం ఎనుక. చంటిపిల్లలు ఏడిస్తే మనమే లేవాలె, ఆఖరి పాట వచ్చేసరికి ఆటో డ్రైవర్ హారన్ కొడతనే ఉంటడు. ఇన్ని చేసి చూసేది ఎంతంటవ్, రెండు గంటలు. అయినా పోతం. అసలు ఆడది పాట కోసం బయటికి వచ్చుడే పెద్ద ముచ్చట మన దిక్కు. భువనగిరి కాడ మిల్లుల పని చేసిన బెల్లి లలిత పాడినందుకే 1999 మే నెలల ఆమెను చంపిన్రంటరు. విమలక్క గొంగడి కప్పుకొని, గజ్జెలు కట్టి వేదికెక్కి దుంకుతుంటే మా అసొంటోళ్లకు రోమాలు లేసేది ఊకెనే కాదు.

నేను చూసిన వాటిల్ల ఒక్కటి చెప్త. సకల జనుల సమ్మె యాదికున్నదా, 2011ల, 42 దినాలు? ఆ దినాలల్లనే ఒకనాడు మా దిక్కు ఆట పెట్టిన్రు. మంచిగ ఊపు మీద ఉండంగ కరెంటు పోయింది. మైకు బంద్, లైట్లు బంద్, కీబోర్డు బంద్. ఒక్క నిమిషం చీమ చిటుక్కుమన్నా వినబడేంత సప్పుడు లేకుంటయింది. ఎవలో సెల్ ఫోన్ బుడ్డలైటు ఏసిన్రు. అప్పుడు పాడుతున్న పిల్ల, పేరు తెల్వదు, బక్కపలుచటి పిల్ల, వేదిక దిగి సక్కగ ఆడోళ్ల దిక్కు వచ్చింది. మైకు లేదు గనక వినబడాలంటే మన నడుమకే రావాలె. వచ్చి, కొంగు నడుముకు చెక్కుకొని, డప్పు ఒక్కటే దరువు ఏస్తుంటే ఉత్త గొంతుతోటి ఎత్తుకున్నది. ఎప్పుడూ ఎనుక కూసునే మేము ఆ రాత్రి ముందట అయినం. బీడీల చాటల ముందర నెలలకొద్ది నేర్చుకున్న కోరస్ ఆనాడు అక్కరకొచ్చింది. మా గొంతులే మైకు. మొగోళ్లు ఆ కొసనుంచి మెడలు సాపి సాపి చూస్తున్నరు. ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చింది, లైట్లు ఎలిగినయి, మా వాడకట్టోళ్లందరు ఒకటే మాట అన్నరు: "థూ, అప్పుడే వచ్చిందా!"

ఇగ మా బిడ్డ ముచ్చట. 2023 ఫిబ్రవరిల ఇళయరాజా గచ్చిబౌలి స్టేడియంల రెండు రోజులు పాటల కచేరీ పెట్టిండు. "అమ్మా, నువ్వు రావాలె" అని టికెట్ కొని కూసున్నది. పైసలెంత అని అడిగితే చెప్పలే. ఆఖరికి చెప్పింది. ఎన్ని వేల బీడీలైతయో మనసుల లెక్క కట్టుడు మొదలుపెట్టిన, సగంల ఆపేసిన. లెక్క పూర్తయితే కచేరీకి పోబుద్ధి కాదని. మీ బావకు ఇప్పటిదాక తెల్వదు, ఈ ముచ్చట ఇంట్ల దాచిపెట్టాలె.

నిజం చెప్పాలె చెల్లే, ముందుగాల నాకు పరాయి పెండ్లికి పోయినట్టయింది. కుర్చీకి నంబరు. చేతికి పట్టీ. మనిషి చిటికెన ఏలంత కనబడుతడు, పక్కన తెర మీద మాత్రం కొండంత. కని ఆ వయొలిన్లు అన్నీ ఒక్కపారి లేసినప్పుడు ఉన్నది చూడు, నేను చిన్నప్పుడు రేడియోల విన్న పాట ఇన్ని చేతులు కలిస్తేగని పుట్టలేదా అని అప్పుడు తెలిసింది. పాట మొదలైన రెండు క్షణాలకే గుర్తుపట్టి జనం అరుస్తున్నరు. నా పక్క కుర్చీల ఎవలో ఒకామె, ఏ ఊరో తెల్వదు, నా ఈడే ఉంటది. ఒక పాటకు ఇద్దరం ఒకటేసారి కండ్లు తుడుసుకున్నం, ఒగలనొగలు చూసుకొని నవ్వుకున్నం. ఆమె పర్సుల నుంచి పల్లీపట్టి తీసి ఇచ్చింది. టికెట్ పైసలు ఆడనే వసూలైనయి.

అప్పటిసంది మా బిడ్డ పోరు ఎక్కువైంది. 2024ల దేవిశ్రీప్రసాద్ అన్నది, 2025 నవంబర్ల రామోజీ ఫిలిం సిటీల రెహమాన్ అన్నది. టికెట్లు ఫోన్ల ఎప్పుడు ఇడుస్తరో అని రాత్రి అలారం పెట్టుకొని లేస్తరట. నవ్వొచ్చింది నాకు. మేము పెద్దకొడప్‌గల్ నుంచి ఎవడన్న వస్తే పాటగాండ్ల బండి కనబడ్డదా అని అడిగేటోళ్లం, వీళ్లు ఫోన్ల చక్రం తిరుగుతుంటే చూసుకుంట కూసుంటరు. గుండె దడ మాత్రం ఒక్కటే తీరు.

తండాల నాకొక దోస్తు ఉన్నది. ఆమె ఎదురుచూసేది ధూంధాంకు కాదు, తీజ్‌కు. శ్రావణంల పెండ్లి కాని ఆడపిల్లలు బుట్టలల్ల మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది దినాలు నీళ్లు పోసుకుంట, పాట పాడుకుంట మొలకలు పెంచుతరు. "మీ పాటకు వేదిక కావాలె, మైకు కావాలె, మాకు బుట్ట ఉంటే చాలు" అని దెప్పుతది. పాటలు పాడే మంగ్లి తమ లంబాడీ బిడ్డనే అని గొప్పలు చెప్పుడు అదనం. చెప్పనియ్యి, తప్పేమున్నది.

ఒక్కోసారి మనసు పడిపోతది చెల్లే. హైదరాబాదు పోయేటప్పుడు బస్సు తూప్రాన్ దాటుతుంటే నాకు గద్దర్ యాదికొస్తడు, ఆయన పుట్టిన ఊరది. గొంగడి, చేతిల కట్టె, కాలికి గజ్జె. ఒకే ఒక్కసారి చూసిన, దూరం నుంచి. మల్ల వస్తడు, ఈసారి దగ్గరినుంచి చూడాలె అనుకుంటనే ఉన్న. 2023 ఆగస్టు 6న పోయిండు. అందెశ్రీ రాసిన జయ జయహే తెలంగాణ రాష్ట్ర గీతమై ఏడాదిన్నర గాకముందే, 2025 నవంబర్ల ఆయన కూడ పోయిండు. ఇగ వాళ్ల కోసం ఎదురుచూసేది లేదు. గోరటి వెంకన్న ఉన్నడు, వల్లంకి తాళానికి సాహిత్య అకాడమీ ఇచ్చినా ఇంకా అదే ఎగురుడు, అదే దుంకుడు. అందుకే ఎవలన్న 'తర్వాత పోదాం తీ' అంటే నాకు కోపమొస్తది.

అన్నిటికంటె ఎక్కువ ఎదురుచూసేది మా తమ్ముడు. దుబాయిల ఉంటడు, మన దిక్కు ఇంటికొగలు ఉన్నట్టే. పోయిన ధూంధాంకు వీడియో కాల్ పెట్టిన. వానికక్కడ గంటన్నర ఎనుక, అప్పుడే డ్యూటీ దిగి క్యాంపుకు వచ్చిండు. రూముల ఎనిమిది మంది, అందరు మన దిక్కోళ్లే, ఒక్క ఫోన్ మీదికి ఒంగి కూసున్నరు. నేను చెయ్యి పైకెత్తి పట్టుకున్న, గుంజుతున్నా దించలే. ఈడ మేము కోరస్ అందిస్తే, ఒక్క క్షణం ఆగి ఫోన్ల నుంచి వాళ్ల కోరస్ వస్తుండె. నెట్టు తీరు అంతే కద. మా పాట అయిపోయినంక వాళ్లది. ముందట కూసున్న ముసలామె తిరిగి "ఎవలే ఆ ఎనుక పడ్డోళ్లు?" అన్నది. "దుబాయోళ్లు అవ్వా" అన్న. "అట్లయితే పాడనియ్యి" అన్నది.

సరిగ్గ వాడు అడిగిన పాట మొదలయ్యే టైముకు నా ఫోన్ల ఛార్జింగ్ అయిపోయింది. తప్పు నాదే, పొద్దంత చెంబుల పెట్టి పాటలు విన్న. మూడు దినాలు వాడు నాతోటి మాట్లాడలే.

నిన్న రాత్రి వానికి చెప్పిన, దసరా అయినంక ధూంధాం ఉన్నదట అని. "పక్కానా?" అన్నడు. "అంటున్నరు" అన్న. జెరసేపు ఏం మాట్లాడలే. ఎనుకనుంచి ఎవలో 'ఏ తారీఖట?' అని అడుగుతున్నరు, ఇంకెవలో ఆ రోజు నైట్ డ్యూటీ మార్పిచ్చుకోవాలె అంటున్నరు. తర్వాత వాడు గొంతు సవరిచ్చుకొని, "అక్కా, వచ్చేవారం మన ఊరోడు ఒగడు ఇంటికొస్తున్నడు, వానితోటి పవర్ బ్యాంక్ పంపుతున్న. అప్పటిదాక ఫోన్ల పాటలు తక్కువ విను" అన్నడు.