పాత ఆసుపత్రి కిటికీలు నేర్పే పాఠం



హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. 1908 మూసీ వరదల తర్వాత, ఏడవ నిజాం కాలంలో, విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి నమూనా ప్రకారం కట్టారు. 2020 జులైలో వాన నీరు వార్డుల్లోకి రావడంతో రోగులను అక్కడి నుండి తరలించారు.

అలాంటి పాత ఆసుపత్రులకు ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఎందుకు? విక్టోరియా రాణి కాలంలో, 1859లో, నర్సుల తల్లి ఫ్లోరెన్స్ నైటింగేల్ తన పుస్తకంలో వార్డుకు రెండు వైపులా ఎదురెదురు కిటికీలు ఉండాలని రాశారు. చెడు గాలే రోగాలకు కారణమని ఆనాటివారు నమ్మేవారు. క్షయ క్రిములు దగ్గినప్పుడు గాలిలో వ్యాపిస్తాయని మనకిప్పుడు తెలుసు. కారణం వేరైనా, కిటికీ తెరవడం మంచిదే. 2007లో పెరూ దేశంలో జరిగిన పరిశోధనలో, కిటికీలు తెరిచిన పాత వార్డుల్లోనే యంత్రాలున్న కొత్త గదులకన్నా గాలి ఎక్కువగా మారింది.

కాబట్టి ఇవి పాటించండి:

1. చలి గాలి అని వార్డు కిటికీలు మూయకండి. రోగికి దుప్పటి కప్పండి. దోమలకు తెర కట్టండి.
2. మంచం చుట్టూ గుంపుగా కూర్చోకండి. చంటిపిల్లలను తేకండి.
3. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డు పెట్టుకోండి.
4. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం.

పాలకుర్తిలో మీ ఇంటికి వెళ్లాక కూడా రోగి పడుకునే గది కిటికీ తెరిచి ఉంచండి. దేవుడు అందరికీ ఉచితంగా ఇచ్చిన గాలిని, వెలుతురును రోగి దగ్గరకు రానివ్వండి.