ఘోడీ రక్తానికి గొర్రె సాక్ష్యం

టాటానగర్ బారాత్‌లలో పెళ్లికొడుకును మోసే ఘోడీని, అంటే ఆడగుర్రాన్ని, మగగుర్రంతో దాటించే ముందు యజమాని భయపడాల్సిన రోగం ఒకటుంది: డూరిన్. దీనికి ఈగలూ దోమలూ అక్కర్లేదు. ట్రిపనోసోమా ఈక్విపెర్డమ్ అనే ఏకకణ పరాన్నజీవి దాదాపు ఎప్పుడూ దాటించినప్పుడే సోకుతుంది. జననాంగాలు వాస్తాయి, చర్మం మీద రూపాయి బిళ్లల్లాంటి దద్దులు లేస్తాయి, జంతువు చిక్కి చివరికి వెనక కాళ్లు పడిపోతాయి. ఆ జీవి రక్తంలో అరుదు, కణజాలంలోనే దాక్కుంటుంది. మైక్రోస్కోపులో కనబడలేదని ధీమా పడకూడదు. అందుకే సీరంలోని యాంటీబాడీలను వెతికే కాంప్లిమెంట్ ఫిక్సేషన్ పరీక్ష.

మెడ సిర నుంచి రక్తం తీసి, మందేమీ కలపని గొట్టంలో గడ్డకట్టనివ్వాలి. పైన తేరిన సీరాన్ని ఐసుపెట్టెలో, హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం లాంటి చోటికి పంపాలి.

ల్యాబులో అసలు శ్రమ ఆ యాంటీబాడీలు అతుక్కునే యాంటిజెన్ తయారీది. ఎలుకలకు పరాన్నజీవిని ఎక్కించి, అది వాటి రక్తంలో విపరీతంగా పెరిగాక తీసి, వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వేరుచేస్తారు.

ఇక ఘోడీ సీరాన్ని 58 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేస్తారు, అందులోని సొంత కాంప్లిమెంట్ (యాంటీబాడీ పట్టిన కణాలను పగలగొట్టే ప్రొటీన్లు) పనిచేయకుండా. దాన్ని అయిదో వంతుకు పలచన చేసి, యాంటిజెన్‌నూ కొలిచిన గినీ పిగ్ కాంప్లిమెంట్‌నూ కలిపి వెచ్చగా ఉంచుతారు. ఆ తర్వాత కుందేలు యాంటీబాడీ పట్టించిన గొర్రె ఎర్రకణాలు వేస్తారు. ఒక్క గుర్రం కోసం ఇన్ని జంతువులు!

సీరంలో డూరిన్ యాంటీబాడీలుంటే కాంప్లిమెంట్ అప్పటికే ఖర్చయిపోతుంది. గొర్రె కణాలు పగలక అడుగున గుండీలా పేరుకుంటాయి: పాజిటివ్. లేకపోతే అవి పగిలి ద్రవమంతా ఎర్రగా తేటపడుతుంది: నెగటివ్. యాంటిజెన్ వేయని గొట్టం ఒకటి పక్కన తప్పనిసరి. ఎందుకంటే గాడిద, కంచరగాడిద సీరాలు రోగం లేకున్నా కాంప్లిమెంట్‌ను మింగేసి మోసం చేస్తుంటాయి.

పాజిటివ్ వచ్చినా తీర్పు ఇచ్చేయకూడదు. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ పంజాబ్‌లో కనిపెట్టిన సర్రా రోగపు పరాన్నజీవికీ డూరిన్ పరాన్నజీవికీ ఈ పరీక్షలో తేడా తెలియదు. కుట్టే ఈగలు మోసే సర్రా మన దేశంలో మామూలే. డూరిన్‌ను అరికట్టడానికైతే 1910లోనే ప్రత్యేక చట్టం చేశారు. 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం వచ్చాక అది రద్దయింది. డూరిన్‌కు టీకా లేదు, మందు వాడితే పైకి తగ్గినట్టుండి లోపల మిగిలిపోవచ్చు. కాబట్టి డాక్టరు ఘోడీని ఎప్పుడు, దేనితో దాటించారో అడిగి, ఆ మగగుర్రం రక్తమూ తెప్పించి, అంతవరకూ రెండింటినీ విడివిడిగా కట్టేయిస్తాడు.