గోధుమ పడనివారికి వ్రతాహారం

శ్రీమద్భగవద్గీత పదునైదవ అధ్యాయంలో భగవానుడు తానే వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహాలను ఆశ్రయించి చతుర్విధాన్నాన్ని పచనం చేస్తున్నానని సెలవిచ్చాడు. కనుక జఠరాగ్నిని కాపాడుకోవడం కూడా ఆరాధనలో భాగమే. అమావాస్యకు చెరువుగట్టు శ్రీ జడల రామలింగేశ్వరస్వామి దర్శనానికై నార్కట్‌పల్లి మీదుగా వచ్చే భక్తులలో కొందరు నన్ను ఇలా అడుగుతుంటారు: "అయ్యగారూ, గోధుమ తింటే కడుపుబ్బరం, విరేచనాలు. మానేశాను. మరి ఒక్కపొద్దునాడు ఏం తినాలి? సత్యనారాయణస్వామి ప్రసాదం తినకపోతే దోషమా?"

ఒక్కపొద్దు అంటే అన్నం మాని గోధుమరవ్వ ఉప్మానో, చపాతీయో తినడమన్న వాడుక మన ఇండ్లలో స్థిరపడింది. అందువల్ల ఈ ప్రశ్నకు శాస్త్రాన్నీ, వైద్యాన్నీ కలిపి సమాధానం చెప్పవలసి ఉన్నది.

గోధుమ స్వభావం

గోధుమ చెడ్డ ధాన్యం కాదు. చరకసంహిత దానిని గురువు, స్నిగ్ధం, బృంహణం అన్నది. అంటే అరగడానికి బరువైనది, జిడ్డుగలది, దేహపుష్టినిచ్చేది. అగ్ని బలంగా ఉన్నవానికి అది బలం. మందాగ్ని గలవానికి భారం.

గోధుమ పడకపోవడం ఒకే విధమైనది కాదు. మొదటిది సీలియాక్ వ్యాధి. గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు వల్ల దేహరక్షణ వ్యవస్థ చిన్నప్రేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. పోషకాలు ఒంటబట్టవు, రక్తహీనత కలుగుతుంది. నెదర్లాండ్స్ శిశువైద్యుడు విలెమ్ డికె 1950లో తన సిద్ధాంతగ్రంథంలో ఈ వ్యాధికీ గోధుమకూ గల సంబంధాన్ని నిరూపించాడు. రెండవది గోధుమ అలర్జీ; దద్దుర్లు, ఆయాసం వంటివి దాని లక్షణాలు. మూడవది, ఎక్కువమందిలో కనిపించే ఉబ్బరం. దీనికి గ్లూటెన్ కాక, గోధుమలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు కారణం కావచ్చును. ఉల్లి, వెల్లుల్లులలోనూ అవి ఉంటాయి.

మానుటకు ముందే పరీక్ష

సీలియాక్ ఉన్నదో లేదో రక్తపరీక్ష వలన, అవసరమైతే ఎండోస్కోపీలో తీసిన చిన్నప్రేగు ముక్క పరీక్ష వలన తెలుస్తుంది. గోధుమ మానిన తరువాత చేయిస్తే వ్యాధి ఉన్నా లేనట్లే కనిపించవచ్చును. అందుచేత ముందు పరీక్ష, పిదప పథ్యం. సీలియాక్ అని తేలితే యావజ్జీవం సంపూర్ణంగా మానవలసిందే. బరువు తగ్గినా, మలంలో రక్తం కనిపించినా సొంత పథ్యంతో కాలం గడపరాదు.

డెబ్బై దాటిన నాకు రాత్రిపూట చపాతీ తిన్నప్పుడల్లా ఉబ్బరం కలిగేది. వైద్యుడు పరీక్షించి సీలియాక్ కాదన్న పిమ్మట జొన్నరొట్టెకు మారాను. ఉబ్బరం తగ్గింది. ప్రసాదంగా కొద్దిపాటి గోధుమ నాకు బాధ కలిగించదు. సీలియాక్ ఉన్నవారికి మాత్రం ఆ కొద్దిపాటి కూడా హానికరమే.

మన చెలకల ధాన్యాలు

నల్లగొండ, పాలమూరు చెలకలలో మన పెద్దలు జొన్నలు, సజ్జలు, తైదలు, కొర్రలు పండించుకొని తిన్నారు. జొన్నరొట్టె, జొన్నగట్క, తైదల అంబలి మనకు కొత్తవి కావు. వీటిలోనూ, సామలు, అరికలు, మక్కలు, వరిబియ్యంలోనూ గ్లూటెన్ లేదు. యవలలో మాత్రం ఉన్నది. కొర్రలు, సామలు కొన్ని గంటలు నానబెట్టి మెత్తగా వండుకోవాలి. మొదట రోజుకొక పూట కొద్దిగా తిని, అలవాటయిన కొద్దీ పెంచుకోవాలి.

సీలియాక్ ఉన్నవారు మరుగున ఉన్న గోధుమను గుర్తించాలి. బొంబాయి రవ్వ, మైదా గోధుమవే. సేమ్యా సాధారణంగా వాటితోనే చేస్తారు. అంగడి ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుపుతారు గనుక పులిహోర విషయంలోనూ విచారించాలి. గోధుమలు పట్టిన గిర్నిలోనే జొన్నలు పట్టిస్తే ఆ పిండి కలుస్తుంది. ఇంట్లో వేరుగా విసురుకోవడం మేలు.

శాస్త్రసమ్మతి

ఒక్కపొద్దుకు గోధుమే కావాలన్న నియమం లేదు. తొలి ఏకాదశినాడు మనం తినే పేలాలపిండిని జొన్నపేలాలతోనూ చేసుకుంటాం. సామలనే సంస్కృతంలో శ్యామాకాలంటారు. వర్షర్తువులో సోమదేవతకు ఆగ్రయణేష్టిలో సమర్పించేది ఆ శ్యామాక చరువునే. పండ్లు, పాలు ఎలాగూ ఉన్నవి.

సత్యనారాయణవ్రత కథలోనే గోధుమపిండి లేనిచోట బియ్యపుపిండి వాడవచ్చునని ఉన్నది. ద్రవ్యం లభించనప్పుడు ప్రతినిధి ద్రవ్యాన్ని గ్రహించే న్యాయాన్ని జైమిని పూర్వమీమాంస ఆరవ అధ్యాయంలో విచారించాడు. వ్రీహులకు బదులు నీవారాలు, సోమలతకు బదులు పూతిక అలా వచ్చినవే. గోధుమ పడనివానికి అది లేనిదానితో సమానమని నా అభిప్రాయం. అటువంటివారు ఇంట బియ్యపురవ్వతో ప్రసాదం చేసి నిస్సందేహంగా నివేదించవచ్చును.

ఇతరులు గోధుమప్రసాదం పెట్టినప్పుడు రెండు చేతులా స్వీకరించి, కన్నులకద్దుకొని, పక్కవారికి ఇవ్వండి. తీర్థం, కొబ్బరిముక్క, అరటిపండు తీసుకోండి. ప్రసాదాన్ని పారవేయడం దోషం. భక్తితో మరొకరికి అందించడం దోషం కాదు.

అన్నదాన దాతలకు ఒక విన్నపం. గోధుమ తగలని ఒక్క పదార్థాన్నైనా వేరు పాత్రలో, వేరు గరిటెతో వడ్డించే ఏర్పాటు చేయించండి. పంక్తిలో ఆకలితో కూర్చున్న రోగి భయం లేకుండా నాలుగు ముద్దలు తిని లేస్తే, మీ దానం సంపూర్ణమవుతుంది.

సర్వే జనాః సుఖినో భవంతు.