మంచుబాటలో సమానదూరం

స్కీ పందెం అనగానే మనలో చాలామందికి కొండ మీది నుండి రివ్వున కిందికి జారిపోయే మనిషి గుర్తుకొస్తాడు. నేను చెప్పబోయేది ఆ పందెం గురించి కాదు. కాళ్ళకు సన్నని పొడవాటి స్కీలు కట్టుకుని, చేతికర్రలతో నేలను నెట్టుకుంటూ, అడవిదారుల్లో ఎత్తుపల్లాలన్నీ దాటుతూ కిలోమీటర్ల కొద్దీ సాగే పందెం గురించి. దీన్నే క్రాస్ కంట్రీ స్కీయింగ్ అంటారు. మన గుల్మార్గ్‌లోనూ ఉంది గాని, దీని పుట్టినిల్లు మాత్రం నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాలే.

ఆ ప్రాంతపు పోటీకి స్కాండినేవియన్ కప్ అని పేరు. చలికాలంలో కొన్ని వారాంతాల్లో, ఒక్కోసారి ఒక్కో ఊళ్ళో జరుగుతుంది. మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ వేరువేరు పందాలు, వేరువేరు పట్టికలు. మొదటి స్థానానికి 100 పాయింట్లు, ఆ తర్వాత వచ్చేవారికి క్రమంగా తక్కువ. అగ్రస్థానంలో ఉన్నవారికి ప్రపంచకప్‌లో పాల్గొనే హక్కు దొరుకుతుంది. మన లెక్కలో చెప్పాలంటే ఇది నారుమడి. ఇక్కడ బలంగా మొలిచిన మొక్కనే పెద్ద పొలంలో నాటుతారు.

భౌతికశాస్త్రం చదివేవాళ్ళకు ఇందులో మంచి పాఠం ఉంది. స్కీ ముందుకు జారాలి, కాలితో తన్నినప్పుడు మాత్రం వెనక్కి జారకూడదు. ఒకే పలక ఈ రెండు పనులూ ఎలా చేస్తుంది? స్కీ మధ్యభాగం విల్లులా కాస్త పైకి వంగి ఉంటుంది. బరువు రెండు కాళ్ళ మీద ఉన్నంతసేపు ఆ భాగం మంచును గట్టిగా తాకదు, స్కీ హాయిగా జారుతుంది. బరువంతా ఒక కాలి మీద వేసి తన్నగానే వంపు అణగి, అక్కడ రాసిన మైనంలోకి మంచు పలుకులు గుచ్చుకుంటాయి. క్షణంపాటు పట్టు దొరుకుతుంది. బాగా చలిగా ఉంటే పలుకులు పదునుగా ఉంటాయి కనుక గట్టి మైనం, చలి తగ్గితే మెత్తని మైనం రాస్తారు. ఇది క్లాసిక్ పద్ధతి. స్కీ అంచుతో పక్కకు తన్నుతూ పోయే స్కేటింగ్ పద్ధతిలో పట్టునిచ్చే మైనంతో పని లేదు, జారే మైనం చాలు.

మైనానికి గాని మంచుకు గాని ఆడ, మగ తేడా తెలియదు. ఆ తేడా నియమాలు రాసినవాళ్ళకే తెలుసు. మగవాళ్ళు 1924 షామొనీ ఒలింపిక్స్‌లోనే 18, 50 కిలోమీటర్లు పోటీపడ్డారు. ఆడవాళ్ళకు ఒలింపిక్స్‌లో చోటు దొరికింది 1952లో, ఓస్లోలో, అదీ ఒకే ఒక్క 10 కిలోమీటర్ల పందెంలో. వాళ్ళకు 20 కిలోమీటర్ల పందెం 1984లోనూ, 30 కిలోమీటర్లది 1992లోనూ వచ్చాయి.

చేతకాక ఆగారా అంటే, కాదు. స్వీడన్‌లో వాసలోపెట్ అనే 90 కిలోమీటర్ల పందెం 1922లో మొదలైంది. మరుసటి ఏడే మార్గిట్ నార్డిన్ అనే వ్యాయామ ఉపాధ్యాయిని ఆ దూరమంతా పూర్తిచేసింది. ప్రయోగం జరిగింది, ఫలితం వచ్చింది. అయినా 1924లో ఆ పందెంలో ఆడవాళ్ళను నిషేధించారు. నిషేధం ఎత్తివేసింది 1981లో. అంటే 57 ఏళ్ళు!

వేగంలో తేడా లేదని నేననను. మేటి క్రీడాకారుల్లో మగవాళ్ళు నిమిషానికి, శరీరబరువు కిలో ఒక్కింటికి 80 మిల్లీలీటర్లకు పైగా ఆక్సిజన్ వాడుకోగలరు. ఆడవాళ్ళలో ఇది 70 ప్రాంతంలో ఉంటుంది. కాబట్టి ఒకే దూరానికి ఆడవాళ్ళకు కొంత ఎక్కువ సమయం పడుతుంది. కాని వేగం వేరు, ఓర్పు వేరు. నెమ్మదిగా నడిచే ఎద్దు పొలం దున్నలేదని ఏ రైతయినా అంటాడా?

చివరకు 2022లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య నిర్ణయం తీసుకుంది. 2022-23 సీజను నుండి ప్రపంచకప్‌లో ఇద్దరికీ ఒకే దూరాలు. దీన్ని అందరూ ఒప్పుకోలేదు, క్రీడాకారిణుల్లోనే కొందరు వద్దన్నారు. అయినా 2025లో నార్వేలోని ట్రాన్‌డ్‌హైమ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీల్లో ఆడవాళ్ళు మొదటిసారి 50 కిలోమీటర్లు పోటీపడ్డారు. ఆకాశమేమీ ఊడిపడలేదు.

ఎక్కడో మంచుదేశపు సంగతి మనకెందుకని మిత్రులు అడగవచ్చు. మాది వ్యవసాయ కుటుంబం. మా ఊళ్ళో నాట్లు, కలుపు ఆడవాళ్ళ పని. పొద్దు పొడవకముందే వంగిన నడుము మధ్యాహ్నం దాకా ఎత్తరు. సాయంత్రం లెక్క చూసేటప్పుడు మాత్రం మగకూలి ఒక రేటు, ఆడకూలి ఒక రేటు. ఎందుకని అడిగితే “వాళ్ళది తేలిక పని” అంటారు. ఆ తేలికను తూచిందెవరు? ఏ తక్కెడలో? మా అమ్మతో పాటు ఒక్క పూట నాటు వేసిన రోజున ఆ మాట నా నడుము ఒప్పుకోలేదు.

ప్రయోగశాలలో మాస్టారు మొదట నేర్పేది కొలవకుండా ఫలితం రాయవద్దనే. “వాళ్ళ వల్ల కాదు” అన్న వాక్యం కూడా ఒక ఫలితమే. దాన్ని రాసేముందు కొలవాలి, కొలిచాక తప్పని తేలితే కొట్టివేయాలి. మంచుదేశాల వాళ్ళకు ఆ కొట్టివేత రాయడానికి చాలా కాలం పట్టింది. మనకు అంత ఆలస్యం కానక్కరలేదు. సైన్సు చదువుకున్న మనం రేపు మన పొలాల్లో కూలి లెక్కలు చూసేటప్పుడు ఈ పాఠం మరచిపోకుంటే చాలు.